మా సున్నుండ ఎలా పోయిందో మాకు తెలీదు

పాలు పొయ్యి మీద పెట్టాను, అవి పొంగేలోపు మా పిల్లి సున్నుండ పోయింది. నెలన్నర అయ్యింది, ఎవరు అడిగినా ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏం లేదు. నవంబర్ 18, మంగళవారం, టైం ఆరూ ముప్పావు అయ్యుంటుంది. అత్తయ్య బాల్కనీలో తులసి దగ్గర కార్తీక దీపం పెడుతున్నారు, మా ఆయన ఇంకా దుప్పట్లోనే ఉన్నాడు, నేను వంటింట్లో. అది సోఫా మీద నుంచి దూకి బాల్కనీ వైపు ఉరికింది, రోజూ చేసే పనే, రెయిలింగ్ మీద పావురం వాలిన చప్పుడైతే చాలు తోక ఉబ్బించుకుని పరిగెడుతుంది. సగం దారిలో ఆగి ఒక్క అరుపు అరిచింది. మ్యావ్ కాదు, దాని గొంతే కాదు, బరువైన బీరువాని గచ్చు మీద ఈడిస్తే వస్తుందే, అలాంటిది. పక్కకి ఒరిగిపోయింది. కాళ్ళు రెండుసార్లు చాపింది. నేను గరిటె పట్టుకునే పరిగెత్తాను, వెనకాల పాలు పొంగి మంట ఆరిపోయి గ్యాస్ వాసన కొడితే మా ఆయన లేచొచ్చి కట్టేశాడు, ముందు గ్యాస్ లీకైందనుకున్నాట్ట, తర్వాత మమ్మల్ని చూశాడు.

టవల్లో చుట్టుకుని బండి మీద వెళ్ళాం. మేం ఎప్పుడూ వెళ్ళే క్లినిక్ తొమ్మిదిన్నరకి గానీ తీయరు, కానీ డాక్టర్ గారి ఇల్లు పైనే, ఫోన్ చేస్తే బనీను మీదే దిగొచ్చారు. స్టెత్ పెట్టి చాలాసేపు విన్నారు. అంతసేపు వినక్కర్లేదని, మా కోసమే విన్నారని ఇప్పుడు అనిపిస్తుంది. పెదవి ఎత్తి చిగుళ్ళు చూశారు, పొట్ట నొక్కి చూశారు, నోటి దగ్గర వాసన చూశారు. "లేదమ్మా" అన్నారు.

రాత్రి ఏం తినింది, పై నుంచి ఏమైనా పడిందా, వాంతులు చేసుకుందా, ఇంట్లో ఎలకల మందు పెట్టారా. అన్నిటికీ లేదు, లేదు, లేదు. "హార్ట్ అయ్యుండొచ్చు, కానీ పైనుంచి చూసి చెప్పలేను, కచ్చితంగా కావాలంటే పోస్ట్‌మార్టం చేయించాలి, గన్నవరం వెటర్నరీ కాలేజీలో కనుక్కోమంటారా" అన్నారు. నేను వద్దన్నాను. ఇంకా వెచ్చగా ఉంది నా చేతిలో, దాన్ని కోయడమేంటి అనిపించింది. ఆ ఒక్క "వద్దు" మీద ఎన్ని రాత్రులు గడిచాయో తర్వాత చెప్తా.

అసలు అది మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పకపోతే మీకు అర్థం కాదు. 2024 సెప్టెంబర్ 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగొచ్చి సింగ్ నగర్ మునిగిపోయింది కదా, మా వదిన వాళ్ళది అక్కడే, గ్రౌండ్ ఫ్లోర్. వాళ్ళు పక్కింటి మేడ మీద ఉన్నారు, డ్రోన్‌తో పడేసిన పులిహోర ప్యాకెట్లు తిన్నామని వదిన ఇప్పటికీ కథలా చెప్తుంది. నీళ్ళు తీశాక మా ఆయన క్లీనింగ్‌కి వెళ్ళాడు, ఇల్లంతా మోకాలి మందం బురద, ఫైరింజన్ వాళ్ళు పైపుతో కొడుతుంటే వెనకాల బాత్రూం సజ్జ మీద పాత పెయింట్ డబ్బాల మధ్య ఏదో గుడ్డపేలిక కదిలిందట. నెల వయసుంటుందేమో. తల్లి లేదు, తోడబుట్టినవి లేవు. హెల్మెట్లో పెట్టుకుని తెచ్చాడు. వాడు హెల్మెట్ లేకుండా బండి నడిపింది ఆ ఒక్కరోజే, దానికీ చలానా పడింది.

అత్తయ్య గుమ్మంలోనే అడ్డం నిలబడ్డారు. "పిల్లా, ఇంట్లోకా, పొద్దున్నే ఎదురొస్తే ఇంక పనులైనట్టే." రెండు బకెట్ల వేణ్ణీళ్ళు పోస్తే గానీ అసలు రంగు తెలీలేదు. బురద పోయాక టవల్లో ముడుచుకుని పడుకుంటే, వేయించిన మినప్పిండి రంగులో, గుండ్రంగా. "చూడు, ముద్ద కట్టిన సున్నుండలా ఉంది" అన్నారు అత్తయ్యే. వద్దన్న మనిషే పేరు పెట్టారు, ఇంకేం చేస్తారు. వ్యాక్సిన్ కార్డులో మాత్రం కాంపౌండర్ సన్నీ అని రాసేసుకున్నాడు, మేం దిద్దలేదు.

పద్నాలుగు నెలలు పెంచాం. వ్యాక్సిన్లు అన్నీ టైంకి వేయించాం, ఏడో నెలలో ఆపరేషన్ చేయించాం, మత్తులోంచి చక్కగా లేచింది, నాలుగు కిలోల వంద గ్రాములుంది. పాలు ఇవ్వొద్దు, పిల్లులకి అరగవు అని డాక్టర్ గారు చెప్తే "మీగడ పాలు కాదు కదమ్మాయ్" అని అత్తయ్య దొంగచాటుగా వేలితో నాకించేవారు. కార్తీకమాసం వస్తే ఇంట్లో నీచు ఉండదు, దానికి ప్యాకెట్ తిండే, "పాపం ఇదీ సోమవారాలు చేస్తోంది నాతో" అని అందరికీ చెప్పుకునేవారు. అక్టోబర్ 28న మొంథా తుఫాను వస్తుంటే, రెండ్రోజులు బీరువా మీద నుంచి దిగలేదు. దానికి వరద గుర్తుందిరా అని నవ్వుకున్నాం. అలాంటిది, బుడమేరుకి దొరకనిది, మా హాల్లో, పొడి గచ్చు మీద, ఏ తుఫానూ లేని మంగళవారం.

పూడ్చింది కూడా వదిన వాళ్ళ ఇంటి వెనకాలే. మాది ఫ్లాటు, మన్ను లేదు. బాత్రూం గోడ పక్కన మునగచెట్టు కింద అన్నయ్య గొయ్యి తీశారు. ఆ గోడకి రెండుసార్లు రంగు వేయించినా వరద నీళ్ళ గీత మళ్ళీ పైకి ఉబికి వస్తూనే ఉంటుంది, మా తల కంటే ఎత్తులో. సజ్జ ఆ గీతకి జానెడు పైన. ఇంటికొచ్చాక అత్తయ్య ఎవరితో మాట్లాడకుండా తలస్నానం చేశారు. పిల్లికి మైల ఏంటని నేను అడగలేదు.

ఆఫీసులో ఏం చెప్పాలో తెలీలేదు. ఇంట్లో ఒకరు పోయారు అని మెసేజ్ పెట్టాను, ఎవరు అంటే సమాధానం ఇవ్వలేదు, మర్నాడు మేనేజర్ గ్రాండ్‌మదరా అనడిగితే అవును అనేశాను. మా అమ్మమ్మ బాగానే ఉంది, క్షమించాలి. "పిల్లే కదా, ఇంకోటి తెచ్చుకోండి" అన్నవాళ్ళ మీద నాకు పెద్ద కోపం లేదు, వాళ్ళకి పిల్లి తెలీదు అంతే. "ఏం పెట్టారు దానికి?" అన్నవాళ్ళున్నారు చూడండి. ఆ మాట గుచ్చుకుంది. ఎందుకంటే నేనూ అదే అడుగుతున్నాను.

ముసలిదై పోతే వయసైపోయిందంటాం, బండి కింద పడితే బండివాణ్ణి తిట్టుకుంటాం. ఏ కారణం లేకుండా పోతే ఆ కారణం అనే కుర్చీ ఖాళీగా ఉంటుంది, ఇంట్లో వాళ్ళమే ఒకరి తర్వాత ఒకరం వెళ్ళి కూర్చుంటాం. మా ఇంట్లో జరిగింది ఇదే.

మొదట మా ఆయన. ముందు వారం వాడికి జ్వరం, డోలో స్ట్రిప్ తెచ్చుకున్నాడు. పారాసెటమాల్ పిల్లులకి విషం అని నేను ఆ రాత్రే చదివాను, మనకి ఆ మందుని విరగ్గొట్టే పని లివర్లో జరుగుతుంది, పిల్లి లివర్లో దానికి కావాల్సిన సరుకు సరిగ్గా ఉండదట, ఒక్క బిళ్ళ చాలట ప్రాణం తీయడానికి. లేచి లైటేసి స్ట్రిప్ తీసి లెక్కపెట్టాను. పదిహేనులో తొమ్మిది ఉన్నాయి. ఎన్ని వేసుకున్నావ్ అంటే ఐదు అన్నాడు. ఇంకోటి ఏది? నిద్రమత్తులో "ఆరేమో" అన్నాడు. ఐదా ఆరా? రాత్రి రెండింటికి మంచం కింద, డ్రాయర్ సందుల్లో, ఫోన్ లైటు వేసుకుని మోకాళ్ళ మీద పాకుతూ ఒక తెల్ల బిళ్ళ కోసం వెతికాం ఇద్దరం, ఏడుస్తూ కాదు, పోట్లాడుకుంటూ. దొరకలేదు. పొద్దున్నే డాక్టర్ గారికి ఫోన్ చేస్తే, అలా అయితే గంటల తరబడి బాధపడేదమ్మా, మొహం, పాదాలు వాచేవి, చిగుళ్ళు మట్టిరంగుకి తిరిగేవి, దీనికి అలా లేదు అన్నారు. మా ఆయనకి ఆ మాట చెప్పడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది. ఎందుకు ఆపానో నాకే తెలీదు, లేదు తెలుసు.

తర్వాత అత్తయ్య. ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది కానీ రాస్తా. లిల్లీ పూలు పిల్లులకి ప్రాణాంతకం, పుప్పొడి ఒంటికి అంటి నాక్కున్నా కిడ్నీలు పోతాయి అని చదివాను. మా ఇంట్లో రోజూ లిల్లీ దండలే! కార్తీకమాసమంతా దేవుడి పటాలకి మూరలు మూరలు, అది ఆ దండ చివర్లు పట్టుకుని ఊగేది. ఫోన్ పట్టుకుని వెళ్ళి అత్తయ్య ముందు పెట్టి "మీరు నిర్మాల్యం ఎక్కడ పడేస్తున్నారు, కింద పడేశారా" అని అడిగాను, అడిగినట్టు కాదు, పోలీసులా. ఆవిడ నా మొహం చూసి, ఫోన్లో పువ్వు చూసి, ఏమీ అనలేదు. మర్నాటి నుంచి చామంతులు తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

నాలుగు రోజుల తర్వాత నిదానంగా మళ్ళీ చదివితే తెలిసింది. ఆ విషం ఉన్న లిల్లీ బొకేల్లో పెడతారే పెద్ద పెద్ద రేకులతో, అది. మన బజార్లో లిల్లీ అని మూర లెక్కన అమ్మేది నేలసంపెంగ, అసలు ఆ జాతే కాదు. పేరు ఒకటైనందుకు నేను ఆవిడని నిలదీశాను. పైగా నిజం లిల్లీ అయినా పరిగెడుతున్న పిల్లిని క్షణంలో పడేయదు, ఒకటి రెండు రోజులు వాంతులు, తిండి మానేయడం ఉంటాయి. ఇదంతా చదవగలిగే తెలివి నాకు మొదటి రోజు లేదు.

అత్తయ్య ఖాతాలో బల్లి ఉంది. "బల్లిని తినుంటుందే, బల్లి విషం కదా." మనందరం చిన్నప్పట్నుంచీ విన్నదే, సాంబార్లో బల్లి పడితే ఊరంతా ఆస్పత్రికి పరిగెట్టడం. బల్లిలో విషం లేదు, పిల్లులకి బల్లి వల్ల వచ్చేది వేరే, దాని లోపలుండే ఒక పురుగు లివర్లోకి చేరి చిక్కిపోయేలా చేస్తుంది, అదీ వారాలు నెలలు పడుతుంది. మా ఆయన ఖాతాలో కింది ఫ్లాట్ వాళ్ళు, ఎలకల మందు పెట్టారని. మా పిల్లి గడప దాటి ఎరగదు.

ఇంక నా ఖాతా. నేను ఎవరికీ చూపించనిది.

దసరా సెలవుల్లో నెమలి ఈకతో ఆడిస్తుంటే అది ఎగిరెగిరి, ఒకచోట కూలబడి, నోరు తెరుచుకుని కుక్కలా వగర్చింది. నాలిక బయటికి. నాకు భలే నవ్వొచ్చింది, వీడియో తీశాను, పదకొండు సెకన్లు, "మా సున్నుండకి జిమ్ ఎక్కువైంది" అని స్టేటస్ పెట్టాను. నలభైమంది నవ్వారు. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీయడం మామూలు విషయం కాదని, గుండె జబ్బు ఉంటే అలా ఉండొచ్చని, నాకు తెలిసింది అది పోయిన మూడో రోజు. ఆ పదకొండు సెకన్లు ఎన్నిసార్లు చూశానో. వీడియోలో నా నవ్వు వినపడుతుంది, అదే నేను భరించలేనిది. చివరికి డాక్టర్ గారికి పంపాను. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు, ఆ వయసు పిల్లులు బాగా ఆడితే అలా వగర్చేవీ ఉంటాయి అన్నారు. "అప్పుడే తీసుకొస్తే?" అంటే కాసేపు ఆగి, "స్టెత్ పెట్టి బాగుంది అని పంపించేవాణ్ణేమో అమ్మా" అన్నారు. ఆయన నా కోసం అన్నారో నిజమే అన్నారో తెలీదు కానీ ఆ రోజు అన్నం తిన్నాను.

గుండె సంగతి ఆయన చెప్పిందీ నేను చదివిందీ కలిపి చెప్తున్నా, ఇంట్లో పిల్లి ఉన్నవాళ్ళకి పనికొస్తుందని. పిల్లులకి ఎక్కువగా వచ్చే గుండె జబ్బు ఇదేనట, గుండె గోడ కండ దళసరెక్కిపోతుంది, మామూలుగా ఆరు మిల్లీమీటర్లు దాటకూడదు, అది దాటి లోపలికి పెరుగుతుంటే రక్తం నిండే చోటు తగ్గిపోతుంది. పైకి శుభ్రంగా కనపడే పిల్లుల్లోనే నూటికి 15 దాకా ఇది ఉండొచ్చు, అందులో చాలావాటికి జీవితాంతం ఏమీ కాదు. కొన్నిటికి మొదటి లక్షణమే చావు. మెయిన్ కూన్, రాగ్‌డాల్ లాంటి ఖరీదు జాతుల్లో వంశపారంపర్యంగా వస్తుందని జీన్ టెస్టులు కూడా ఉన్నాయి, అలాగని వీధి పిల్లులకి రాదని కాదు. స్టెత్‌కి దొరక్కపోవచ్చు, ఎకో తీస్తే గానీ తెలీదు. పిల్లి గుండె డాక్టర్ టేబుల్ మీద నిమిషానికి 140 నుంచి 220 దాకా కొట్టుకుంటుంది, అందులో తేడా మనకేం తెలుస్తుంది. నా పొట్ట మీద పడుకుంటే ఆ టకటక నాకు తగిలేది, గురగురలో కలిసిపోయేది. ఇంట్లో మనం చేయగలిగింది ఒకటుంది, గాఢంగా నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెట్టడం, ముప్పై లోపు ఉండాలి, రోజూ అంతకు మించి ఉంటే ఆలస్యం చేయొద్దు. ఇప్పుడు నేను బంధువుల ఇంటికెళ్ళినా వాళ్ళ పిల్లి పడుకుంటే ఫోన్లో టైమర్ పెట్టుకుని కూర్చుంటున్నా, వాళ్ళు నన్ను అదోలా చూస్తున్నారు.

ఆ "వద్దు" సంగతి. పోస్ట్‌మార్టం చేయిస్తే గుండె తూచి, కోసి చూస్తే, బహుశా తెలిసేది. అందరికీ చెప్తున్నా, చేయించాలంటే శరీరాన్ని కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో కింద ఉంచాలట, డీప్ ఫ్రీజర్‌లో కాదు, గడ్డకడితే లోపలి కండ పాడై సరిగ్గా కనపడదు, వీలైతే ఆ రోజే తీసుకెళ్ళిపోవాలి. గన్నవరం మాకు ఎంతసేపు, ముప్పావుగంట. మొదట్లో ఆ ముప్పావుగంట తలుచుకుంటే పిచ్చెక్కేది, ఆ ఒక్క కాగితం ఉంటే నేను డోలోలు లెక్కపెట్టేదాన్ని కాదు, అత్తయ్యని పూల గురించి అడిగేదాన్ని కాదు అని. ఇంకోవైపు, గుండె అని రాసిచ్చినా ఆ వీడియో అలాగే ఉండేది, ఇంకా గట్టిగా పట్టుకునేది. అన్ని పరీక్షలూ చేసినా కారణం దొరకనివీ ఉంటాయని కూడా డాక్టర్ గారే అన్నారు. మళ్ళీ అదే పరిస్థితి వస్తే చేయిస్తానా అంటే, చేయిస్తాననే అనుకుంటున్నా. ఆ రోజు మాత్రం నా చేతుల్లో ఉన్నది పరీక్ష చేయాల్సిన వస్తువు కాదు.

పోలి పాడ్యమి నాడు, అంటే అది పోయిన మూడో రోజు, తెల్లారుజామున అత్తయ్యని పద్మావతి ఘాట్‌కి తీసుకెళ్ళాను. అప్పటికి లిల్లీ గొడవ అయ్యి ఒక్క రోజే, బండి మీద ఇద్దరం మాట్లాడుకోలేదు. జనం, చీకటి, కృష్ణలో అరటి దొప్పలు, దీపాలు. ఆవిడ ఏటా ఒకటే వదుల్తారు. ఆ రోజు సంచిలోంచి రెండో దొప్ప తీశారు, చిన్నది, ఒక్క వత్తిది. "అదెవరికి అత్తయ్యా" అన్నాను. "ఒకటి ఎక్కువొచ్చింది అరటిబోదె" అన్నారు. నీళ్ళలో వదిలి, చేత్తో రెండుసార్లు అలని నెట్టి, అది పెద్ద దొప్ప పక్కన సర్దుకునేదాకా చూశారు. బండెక్కాక, బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర, వెనకనుంచి అన్నారు, "అది నా వైపే వస్తోందమ్మాయ్. పావురం లేదు ఆ రోజు." నేను వెనక నుంచి చూశాను కదా, తోకే చూశాను. మొహం చూసింది ఆవిడ. అంతకు మించి ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

దాని గిన్నె, లిట్టర్ ట్రే వాచ్‌మన్ వాళ్ళావిడ తీసుకెళ్ళింది. మిగిలిన తిండి ప్యాకెట్ సెల్లార్లో పిల్లులకి పోస్తున్నాను, అందులో ఒక పిల్లికూన మెట్ల దాకా వస్తోంది కానీ ఇంకా పైకి తేవాలని లేదు. వీడియో డిలీట్ చేయలేదు, ఫోన్లోంచి తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. డోలో బిళ్ళ ఇప్పటికీ దొరకలేదు.

నిన్న రైతు బజార్ నుంచి వస్తూ రెండు మూరల లిల్లీ దండ కొన్నాను. అత్తయ్య చేతిలో పెట్టి, ఇవి ఆ లిల్లీ కాదు అత్తయ్యా, నేనే తప్పు చదివాను అన్నాను. నెల క్రితమే అనాల్సిన మాట. "నాకు తెలుసులే, నేలసంపెంగలు కదా" అన్నారు, తెలిసీ ఆ రోజు ఎందుకు ఊరుకున్నారో ఆవిడే చెప్పాలి. స్టూలెక్కి దండని వెంకటేశ్వరస్వామి పటానికి వేశారు. వేలాడుతున్న చివరని ఎప్పట్లాగే పైకి తీసి, దానికి అందకుండా, పటం వెనక్కి దోపి దిగారు.